పిలిస్తే బిగిసే భుజం

"ఆ సూది భుజంలో దిగి, అక్కడాగకుండా గుండెలోకి పోతే ఏం చేస్తారు?"

అప్పటికి ఎవరూ ఎక్కడికీ బయల్దేరలేదు. కూతురు చెప్పులైనా వేసుకోలేదు. భర్త కప్పులో టీ సగం కూడా తాగలేదు. అయినా ఆమె కళ్లకు మాత్రం సూది అప్పుడే దిగిపోయినట్టు, చర్మం కింద దారి వెతుక్కుంటూ లోపలికి పోతున్నట్టు కనబడుతూనే ఉంది. గ్యాసు కట్టేసిందో లేదో ఇందాకే చూసి వచ్చింది. మళ్లీ వెళ్లి చూసింది.

"గుండె భుజం మీద ఉండదే పిచ్చిదానా," అన్నాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ మాటైనా చివరికి లిఫ్టు దగ్గరికే చేరుతుంది. "లిఫ్టుకైతే మోటారు పైన ఉంటుంది గానీ, మనిషికి మధ్యలోనే బిగించాడు దేవుడు."

"మీకన్నీ వెటకారాలే. పోనీ విరిగితే? సగం ముక్క లోపలే ఉండిపోతే? నరానికి తగిలి చెయ్యి లేవకుండా పోతే?"

"ఇంకా ఏమేం మిగిలాయో అన్నీ ఒక్కసారే చెప్పెయ్. బస్సు వెళ్లిపోతుంది."

కూతురు గోడకు ఆనుకుని ఎడమ చేత్తో కుడి భుజం పిసుక్కుంటూ నిలబడింది. ఆ పిల్లకు ఇంట్లో పిచ్చుక అనే పేరు. చిన్నప్పుడు పుల్లల్లా ఉండేవి కాళ్లూ చేతులూ. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా ఒంట్లో పెద్దగా కండ పట్టింది లేదు. ఉన్న కండంతా ఆ భుజం మీదే గడ్డకట్టుకుని కూర్చుంది. ముట్టుకుంటే ఎండిన చింతగింజ చర్మం కింద దొర్లినట్టుంటుంది. అక్కడ మొదలైన నొప్పి మెడ మీదుగా పాకి చెవి వెనక చేరుతుంది. చెవి వెనక నించి కణత దాకా వస్తే ఆ రోజు ఇక అన్నం కూడా సహించదు.

పిచ్చుక కట్టుడు పళ్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. పళ్ల డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద మైనంతో పళ్లు మలచడం ఆమె పని. చిన్న మంట మీద కత్తి మొన వేడిచేసి, మైనం గీసి, చిగురు దగ్గర వంపు తీర్చి, కళ్లు చికిలించి చూసి, మళ్లీ గీయాలి. పొద్దుటి నించి సాయంత్రం దాకా తల వంచుకునే ఉండాలి. "ఊళ్లో వాళ్లందరికీ పళ్లు పెట్టి, తను మాత్రం పళ్లు బిగపట్టుకుని తిరుగుతోంది," అంటాడు తండ్రి.

వేడినీళ్ల సంచీ అయింది, పూత మందులయ్యాయి. దిండు మార్చారు, దిండే తీసేశారు. బిళ్లలు మింగితే కడుపు మండింది. చివరికి మామూలుగా చూపించుకునే డాక్టరే, కండ ముడి పడిపోయిందనీ, సూదుల వైద్యం చేసే ఆవిడ ఒకరున్నారనీ, చదువుకున్న మనిషేననీ, ఒకసారి వెళ్లి చూడండనీ అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నించీ తల్లికి కంటి మీద కునుకు లేదు.

ఆమె భయం గురించి ఒక మాట చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

పిచ్చుక నడక నేర్చిన కొత్తల్లో, ఏదో బొమ్మ లాక్కున్నారని గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు గుక్క పైకి వెళ్లింది గానీ కిందికి దిగలేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి, ఒళ్లు కొయ్యబారింది. ఆమె పిల్లను పైకెత్తి ఇల్లు అదిరేలా "పిచ్చుకా!" అని పిలిచింది. పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంది. కొంతమంది పిల్లలు అలా గుక్కపడతారు, మీరు పిలిచినా పిలవకపోయినా ఊపిరి దానంతటదే వచ్చేది అని అప్పటి డాక్టరు నచ్చజెప్పాడు. ఆమె తలూపింది. నమ్మలేదు. తను పిలవబట్టే పిల్ల బతికిందని ఆమె మనసులో రాసిపెట్టుకుంది. ఆ రాత మళ్లీ చెరగలేదు.

అప్పట్నించి పిలవడం ఆపలేదు. వంటింట్లోంచి "పిచ్చుకా!" అంటుంది. ముందు గదిలోంచి "ఉన్నానమ్మా!" అని రావాలి. స్నానాల గది తలుపు మీద తట్టి "పిచ్చుకా!" అంటుంది. నీళ్ల చప్పుడులోంచి "ఉన్నాను!" అని వినబడాలి. పనిచేసే చోటికి ఫోన్ చేసి పిలుస్తుంది. కత్తి మొన మంట మీద పెట్టుకునే ఆ పిల్ల "ఉన్నాను" అంటుంది. జవాబు రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొస్తుంది. "హాజరు వేయించుకో తల్లీ, లేకపోతే టీచరమ్మ వచ్చేస్తుంది," అని తండ్రి నవ్వేవాడు. పిచ్చుక కూడా నవ్వేది. నవ్వుతూనే కుడి భుజాన్ని చెవి దాకా లేపి దించేది. అదొక అలవాటు. ఆ అలవాటును ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

తల్లి చేసే పని కూడా అలాంటిదే. ఉద్యోగాలకు వెళ్లే వాళ్ల పసిపిల్లల్ని పగలంతా చూసుకునే చోట ఆమె ఆయా. పిల్లలు నిద్రపోతుంటే మిగతా ఆయాలు కబుర్లు చెప్పుకుంటారు. ఆమె మాత్రం ఒక్కో ఉయ్యాల దగ్గరా వంగి, ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చని గాలి తగిలాకే ముందుకు కదులుతుంది.

ఆ రోజు తల్లీకూతుళ్లిద్దరే వెళ్లారు. సూదుల డాక్టరమ్మ గది ఒక కుర్చీల దుకాణం పైన ఉంది. ఆ దుకాణం మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే కుర్చీలు ఒకదాని మీద ఒకటి తలకిందులుగా బోర్లించి, నాలుగు కాళ్లూ గాల్లోకి లేపుకుని కనిపించాయి. అవి ఏవో జంతువులు చచ్చి వెల్లకిలా పడ్డట్టున్నాయని ఆమెకు అనిపించింది. పైకి అనలేదు. అంటే కూతురు విసుక్కుంటుంది.

పైన ముందు గదిలో గోడకు నిలువెత్తు మనిషి బొమ్మ వేలాడుతోంది. ఒళ్లంతా చుక్కలే. సగం ఒంటికి చర్మం ఉంది, సగానికి ఒలిచినట్టు ఎర్రటి కండలు. కళ్లున్న చోట ఖాళీ. ఎక్కడ కూర్చున్నా అది తన వైపే తిరిగినట్టుంది.

డాక్టరమ్మ వయసులో ఆమెకంటే చిన్నదే. గోళ్లు కత్తిరించుకున్న పొట్టి వేళ్లు, తొందరపడని గొంతు. పిచ్చుకను బల్ల మీద కూర్చోబెట్టి భుజం మీద బొటనవేలు ఆనించింది. చాలాసేపు కదపలేదు.

"ఇక్కడేనా?"

"అక్కడేనండీ. అబ్బా!"

"పిచ్చుకా, జాగ్రత్తే!" అంది తల్లి గుమ్మంలోంచి.

డాక్టరమ్మ వేలి కింద కండ ఎగిరిపడింది. కప్ప గెంతినట్టు. బయటికే కనిపించింది. డాక్టరమ్మ తలెత్తి తల్లి వంక ఒకసారి చూసింది. తర్వాత వేలు అక్కడే ఉంచి, చాలా మామూలుగా, "ఇంకోసారి పిలవండమ్మా," అంది.

"ఎందుకండీ?"

"ఊరికే."

"పిచ్చుకా," అంది తల్లి, ఈసారి మెల్లగా. కండ మళ్లీ ఎగిరింది.

"ఉన్నానమ్మా," అంది పిచ్చుక, ఎవరూ అడక్కుండానే.

డాక్టరమ్మ వేలు తీసేసింది. "మీ అమ్మాయి మెడ వంచి పనిచెయ్యడం వల్ల కొంత ముడి పడింది. ఆ ముడిని వదలనివ్వకుండా పట్టుకున్నది వేరే ఉంది. మీరు బయట కూర్చోండమ్మా. సూదులున్నంతసేపూ పిలవొద్దు. ఒక్క మాటైనా వద్దు."

"ఆ పిల్లకి ఏమైనా అయితే?"

"చేతిలో గంట ఇస్తాను. ఏం కావాలన్నా మోగిస్తుంది. గంట మోగితే నేనొస్తాను, పక్క గదిలోనే ఉంటాను. మోగకపోతే బాగున్నట్టే."

"మోగకపోతే బాగున్నట్టని ఎలా తెలుస్తుందండీ?" అంది ఆమె. డాక్టరమ్మ అప్పటికే చేతులు కడుక్కుంటోంది.

తెర వేసే ముందు ఆమె చూసింది. పిచ్చుక బోర్లా పడుకుంది. బల్లకు మొహం పట్టేంత రంధ్రం ఉంది, మొహం అందులోకి పోయి జుట్టు మాత్రమే కనిపిస్తోంది. వీపు, మెడ, భుజం మీద సన్నటి సూదులు వెంట్రుకల్లా నిలబడుతున్నాయి. భుజం మీద ముడి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కండను రెండు వేళ్లతో పైకి ఎత్తిపట్టి, సూదిని ఏటవాలుగా దించింది. "ఇక్కడ నిలువుగా గుచ్చకూడదు," అంది పిచ్చుకతో, పని చేస్తూనే. "కింద ఊపిరితిత్తి పైకొచ్చి ఉంటుంది. నీలాంటి సన్నటివాళ్లకైతే మరీ. అందుకే కదలొద్దంటున్నది. అర్థమైందా?"

"ఊఁ," అంది బల్ల కింది నించి.

తెర పడింది.

బయట కుర్చీలో ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల ఎక్కడో ఒక చిన్న గడియారం టిక్కుటిక్కుమంటోంది. కింద వీధిలో బండ్లు వెళ్తున్న చప్పుడు పైకి రాదు. ఊపిరితిత్తి అన్నది కదా. తను గుండె గురించి భయపడుతూ కూర్చుంది, ఊపిరితిత్తి సంగతి తోచనే లేదు. ఇన్నేళ్లూ అన్నీ ముందే తలుచుకుని దిగులుపడితే అవి జరగకుండా పోతాయని ఆమె నమ్మకం. తలుచుకోని దాని సంగతేమిటి?

గంట మోగలేదు.

పక్క గదిలో తలుపేసుకుని డాక్టరమ్మ ఇంకెవరితోనో మాట్లాడుతోంది. తెర కింద ఖాళీలోంచి బల్ల కాళ్లు, పిచ్చుక విడిచిన చెప్పులు కనిపిస్తున్నాయి. చెప్పులు పక్కపక్కన ఉన్నాయి, చక్కగా. అది ఆమెకు నచ్చలేదు. ఎప్పుడూ ఒకటి అటు ఒకటి ఇటు విసిరేసే పిల్ల.

గంట మోగలేదు. దగ్గు లేదు. బల్ల కిర్రుమనలేదు. చెవి రిక్కించి వింది. ఊపిరి కూడా వినబడలేదు.

నిజానికి పిచ్చుక నిద్రపోయింది. ఎన్నో నెలల తర్వాత ఆ భుజం దానంతటది వదులైంది, చింతగింజ కరిగినట్టు కరిగి, ఆ వెచ్చదనంలో పిల్లకు కళ్లు మూతలు పడ్డాయి. గంట వేళ్ల మధ్య వదులుగా ఉంది. ఇదంతా తల్లికి తెలీదు. తెలిసింది ఒక్కటే. లోపల చప్పుడు లేదు.

"పిచ్చుకా," అంది, పెదాలతోనే.

లేచి తెర దగ్గరికి వెళ్లింది. వెనక గోడ మీద బొమ్మ చూస్తోంది. పిలవొద్దన్నది డాక్టరమ్మ. డాక్టర్లకేం తెలుసు, అప్పుడూ ఒకాయన అలాగే అన్నాడు. ఆమె గొంతు ఆమె చెప్పినట్టు వినలేదు.

"పిచ్చుకా!"

ఆనాడు ఇల్లు అదిరిన పిలుపది. లోపల బల్ల కిర్రుమంది. పిచ్చుక నిద్రలోంచి మోచేతుల మీద ఎగిరి లేచింది, తల వెనక్కి తిప్పింది, భుజం ఒక్కసారిగా చెవి దాకా బిగిసింది.

"ఉన్నానమ్మా... ఆఁ!"

గంట కిందపడి దొర్లింది.

డాక్టరమ్మ పరుగున వచ్చేసరికి భుజం మీద సూది వంగిపోయి, పిడి చర్మానికి అంటుకుని ఉంది. కండ దాన్ని పట్టేసింది. డాక్టరమ్మ చుట్టూ మెల్లగా నిమిరి, కండ వదిలేదాకా ఆగి, సూది తీసింది. మిగతావీ తీసేసింది. చెవులకు స్టెతస్కోపు పెట్టుకుని వీపు మీద అటూ ఇటూ వింది.

"ఇప్పటికైతే రెండు వైపులా గాలి బాగానే ఆడుతోంది. తలుపేసి ఉండి, ఏదో అరుపని తప్ప నాకు తెలీలేదు. ఏమైంది? నిద్రలోంచి ఉలిక్కిపడి లేచావా? అలాగైతే ఇప్పుడే, ఇట్నించి ఇటే ఎక్స్‌రేకి పంపిస్తాను. నాకు నిజం కావాలి."

తల్లి నోరు తెరిచింది. లోకంలో ఉన్న ఉపద్రవాలన్నీ పొద్దుట్నించీ వల్లించిన నోరది. ఇప్పుడు దాంట్లోంచి ఒక్క మాట రాలేదు. పిచ్చుక తల్లి మొహం వంక చూసింది. ఆ మొహంలో రంగు లేదు.

"దగ్గొచ్చిందండీ," అంది పిచ్చుక. "చిన్న దగ్గు. ఆపుకోలేకపోయాను."

"అంతేనా?"

"అంతేనండీ."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "సరే. ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా, పొడిదగ్గు మొదలైనా ఆగొద్దు. నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు కూడా. తిన్నగా పెద్దాసుపత్రికి. అమ్మగారూ, వింటున్నారా?"

"వింటున్నానండీ," అంది తల్లి.

బస్సులో పిచ్చుక కిటికీ పక్కన కూర్చుంది. "భుజం మాత్రం తేలిగ్గా ఉందమ్మా, నిజంగా," అంది. "మధ్యలో ఎంత హాయిగా నిద్రపట్టిందో తెలుసా?"

"ఎందుకలా చెప్పావే?"

"ఏది?"

"దగ్గని."

పిచ్చుక బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఖళ్లుమని చిన్నగా దగ్గింది. తల్లి ఆ దగ్గును విననట్టు ఊరుకుంది. ఏమీ కాదు. దుమ్ము. బస్సులో దుమ్ము.

వాళ్ల ఇంటికి లిఫ్టు లేదు. "ఊరి లిఫ్టులన్నీ నేను చూడాలి, నా పెళ్లాం పిల్లలు మాత్రం మెట్లెక్కాలి," అని తండ్రి ఎప్పుడూ అనే మాట. మొదటి మలుపు దగ్గర పిచ్చుక ఆగింది. మెట్ల కమ్మీ పట్టుకుని, "చెప్పులో రాయి పడింది," అంది. చెప్పు విప్పలేదు. రెండో మలుపు దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి ఏ సాకూ చెప్పలేదు. నోరు కొంచెం తెరిచి, పెదాలు పొడిబారి, మెడ దగ్గర గుంట లోపలికి పోయి బయటికి వస్తోంది.

తల్లి అంతా చూసింది. మిగతా రోజుల్లో అయితే ఈపాటికి ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకునేవి. కాని ఇప్పుడు నోరు విప్పితే దాని వెనకే రెండో మాట రావాలి. పిలవొద్దంటే పిలిచింది నేనే అన్న మాట. ఇన్నేళ్లూ పిలిచి బతికించానని చెప్పుకున్న మనిషి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోతోంది.

భర్త తలుపు తీశాడు. "ఏమ్మా, గుండెలోకి దిగిందా సూది?"

నవ్వింది పిచ్చుక. నవ్వు సగంలో ఆగిపోయింది. "కొంచెం పడుకుంటాను నాన్నా," అని లోపలికి వెళ్లింది.

ఆయన చేతులు కట్టుకుని భార్య వంక చూశాడు. "నువ్వేంటి అలా ఉన్నావు? ఇవాళ వార్తల్లో ఏ ఉపద్రవమూ లేదా? వచ్చిన దగ్గర్నించీ ఒక్కటీ వినిపించలేదే."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. పాలు పొయ్యి మీద పెట్టింది. మంట వెలిగించలేదు. సాయంత్రపు వెలుతురు కిటికీ ఊచల్లోంచి పడి ఎదుటి గోడ మీద నిలువు గీతలు గీసింది. అవి సూదుల్లా ఉన్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిలుస్తాను, ఎప్పట్లా పలికితే ఇక ఏ భయమూ లేదు, అనుకుంది.

"పిచ్చుకా!"

లోపలి గదిలోంచి:

"ఉన్నా..."

ఒక ఊపిరి.

"...ను."

మాట మధ్యలో తెగింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ తెగలేదు.

ఆమె వచ్చి భర్త చొక్కా పట్టుకుంది. "ఏమండీ, పదండి. పెద్దాసుపత్రికి. సూది ఊపిరితిత్తికి తగిలింది."

"మళ్లీ మొదలెట్టావా? కనీసం ఊపిరి పీల్చుకోనీ..."

"నేనే చేశానండీ," అంది. గొంతు పెద్దది కాలేదు, అదే ఆయన్ను భయపెట్టింది. "పిలవొద్దంది డాక్టరమ్మ. పిల్ల నిద్రపోతుంటే అరిచాను. సూదులతోటే ఎగిరి లేచింది. దగ్గని నాకోసం అబద్ధం చెప్పింది. చూడండి, వెళ్లి చూడండి ఎలా ఉందో."

ఆయన వెళ్లి చూశాడు. పిచ్చుక మంచం మీద పడుకోలేదు, కూర్చుని ఉంది, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి. పడుకుంటే గాలి అందడం లేదట. తండ్రి నోట్లో ఎప్పుడూ ఉండే లిఫ్టు మాట ఆ పూట రాలేదు. కూతుర్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని మెట్లన్నీ దిగాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు. "ఏం జరిగింది? సూది ఉన్నప్పుడు కదిలారా?"

పిచ్చుక నోరు తెరిచేలోపు తల్లి చెప్పేసింది. ఏదీ దాచలేదు. భుజం మీద ఏ చోటో వేలుతో చూపించింది, సూది ఎలా వంగిందో చెప్పింది, మెట్ల మలుపు దగ్గర ఆగడం, పొడిదగ్గు, మాట తెగడం. ఆయన మధ్యలో అడ్డు చెప్పకుండా విన్నాడు. అంత శ్రద్ధగా తన మాట ఎవరైనా వినడం ఆమెకు కొత్త. అది మరీ భయంగా ఉంది. ఇన్నాళ్లూ అందరూ కొట్టిపారేస్తుంటే, ఆ కొట్టిపారేయడమే తనకెంత ధైర్యమిచ్చేదో ఇప్పుడు తెలిసింది.

ఎక్స్‌రే వెలుగుతున్న పలక మీద పెట్టారు. ఒక వైపు ఊపిరితిత్తి గూట్లోంచి జారిన పక్షిలా ముడుచుకుని ఉంది. దాని చుట్టూ నలుపు.

"ఈ నలుపంతా గాలి," అన్నాడు డాక్టరు. "ఊపిరితిత్తి లోపల ఉండాల్సింది బయట చేరి దాన్ని నొక్కేస్తోంది. పక్కటెముకల మధ్యలోంచి సూదితో లాగేస్తాం. సమయానికే తెచ్చారు. కాని అది లాగుతున్నంతసేపూ కదలకూడదు, దగ్గకూడదు, మాట్లాడకూడదు. మీరంతా బయటే ఉండండి."

"పిలవచ్చా?" అని అడిగాడు తండ్రి, పిచ్చివాడిలా.

"అస్సలు."

తలుపు మూశారు. మధ్యలో చిన్న అద్దం ఉంది గానీ దానికి లోపల్నించి తెల్లకాగితం అంటించారు. వరండా పొడవునా ఒకటే ట్యూబులైటు, అదీ ఆరుతూ వెలుగుతూ. ఎక్కడో చక్రాల మంచం తోసుకెళ్తున్న చప్పుడు దగ్గరికొచ్చి, ఆగకుండా దూరమైంది.

మళ్లీ సూది. మళ్లీ తలుపు అవతల పిల్ల, ఇవతల తను. ఆమెకు గొంతులో ఆ పేరు నిలబడి ఉంది. ఎక్కిళ్లు వచ్చినట్టు వస్తోంది, మింగుతోంది. మింగిన ప్రతిసారీ ఒక ఆలోచన దాని చోటికి వస్తోంది. ఇప్పుడు గుక్క ఆగిందేమో. ఇప్పుడు పెదాలు నేరేడు రంగయ్యాయేమో. పిలిచే వాళ్లు లేక, రావాల్సిన ఊపిరి రావడం మానేసిందేమో. పిడికిలి నోట్లో పెట్టుకుని కరిచింది. చర్మం చిట్లింది.

లోపల ఇనప పళ్లెంలో ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

భర్త అటూ ఇటూ తిరుగుతూ తిరుగుతూ తలుపు ముందు ఆగిపోయాడు. ఆయన మొహం ఆమె మొహంలాగే అయింది. "ఏంటే, ఇంతసేపా? ఒక్క మాటైనా వినపడదేం? ఉందా అసలు? అమ్మడూ..." అని గొంతెత్తబోయాడు.

ఆమె ఎగిరి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నెత్తురంటిన చెయ్యి. గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఆయన ఊపిరి ఆమె అరచేతికి వెచ్చగా తగులుతోంది. ఉయ్యాల్లో పిల్లల ముక్కు కింద పెట్టే వేలుకు తగిలినట్టు. ఆమె పెదాలు మూసుకుని ఉన్నాయి. పిలవడం లేదు. నేను పిలవడం లేదు తల్లీ. నిద్రపోతే పో. పలకొద్దు. ఊపిరి నీకు దానంతటదే వస్తుంది. ఆ డాక్టరెవరో నీ చిన్నప్పుడే చెప్పాడు.

లైటు ఆరింది, వెలిగింది.

తలుపు జానెడు తెరుచుకుంది. నర్సు చేతిలో పళ్లెంతో సగం బయటికొచ్చి, లోపలికి తిరిగి డాక్టరు చెప్తున్నది వింటూ ఆగింది. "అయిపోయింది. మెల్లగా తీసుకో ఊపిరి. ఇంకా లోతుగా... శభాష్. ఇక మాట్లాడొచ్చు."

ఆ సందులోంచి పిచ్చుక వీపు కనిపించింది. బల్ల మీద తల వంచుకుని, ప్లాస్టర్ అచ్చు ముందు కూర్చున్నట్టే కూర్చుని ఉంది. పక్కటెముకల మీద కొత్త పట్టీ. వీపు నిండుగా పొంగి, నిండుగా దిగింది. తల్లి దాన్ని చూసింది. చెయ్యి భర్త నోటి మీదే ఉంది. ఊపిరి కూడా చప్పుడు కాకుండా వదిలింది.

ఎవరూ పిలవలేదు. అయినా పిచ్చుక తల కొంచెం పక్కకి వాలింది, గోడ అవతల దేన్నో వింటున్నట్టు. కుడి భుజం కదిలింది. మెల్లగా, ఎవరో దారంతో లాగుతున్నట్టు, పైకి లేచి లేచి చెవి దాకా వెళ్లి అక్కడే బిగుసుకుంది.

"ఉన్నానమ్మా," అంది.